పోయిన నీరు తిరిగొచ్చే చోటు

బడి మూతపడకుండా ఉండాలంటే ఇంకా ఇద్దరు పిల్లలు కావాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అప్పటికి మా ఊళ్ళో ఉన్నది నలభై ఒక్కమందిమి. అందులో బడి ఈడు పిల్లలు ముగ్గురు. నేను ఆ ఊరికి మేయర్‌ని. మేయరంటే పెద్దగా ఊహించుకోవద్దు. పొద్దున ఆరింటికి ఆవుల పాలు పిండి, తొమ్మిదింటికి చేతులు కడుక్కుని సంతకాలు పెట్టే ఉద్యోగం. ఉండటానికి ఇల్లిస్తాం, ఊరి బారు నడుపుకోనిస్తాం, పిల్లలున్న కుటుంబం కావాలి అని ప్రకటన వేశాం. ఆగస్టు చివర్లో యిర్లేసా దిగింది, భర్తతో, ఇద్దరు కూతుళ్ళతో, అయిదు సూట్‌కేసులతో.

వాళ్ళది కొలంబియా. పసిఫిక్ సముద్రం ఒడ్డున, ఏడాదిలో సగం రోజులు వాన పడే చోకో ప్రాంతం. యిర్లేసాకి ముప్పై అయిదేళ్ళుంటాయి. నల్లగా, పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. నవ్విందంటే వీధి చివరి దాకా వినిపిస్తుంది. వాళ్ళాయన కలప కోసే చోట పనికి కుదిరాడు. తను బారు తాళాలు తీసుకుంది. మా ఊళ్ళో బారంటే కాఫీ, వైను, రొట్టె, మందుబిళ్ళలు, ఉత్తరాలు, ఊరి కబుర్లు, అన్నీ అక్కడే.

మొదటి రోజు పొద్దున్నే బెనిల్దే అత్త వచ్చింది. నాకు సొంత అత్త కాదు, ఊళ్ళో అందరికీ అత్తే. ఎనభై ఆరేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. డెబ్భై ఏళ్ళు పోర్చుగల్ సరిహద్దు పక్కన ఈ సనాబ్రియా కొండల్లో గొర్రెలు కాసింది. ఆమె వెళ్ళిన అతి దూరం జమోరా ఆస్పత్రి, అదీ కంటి ఆపరేషన్‌కి. అత్త కాఫీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"ఇది కాఫీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా?"

"మా దేశంలో కాఫీ చెట్లకి కాస్తుందండీ," అంది యిర్లేసా. "మీరు ఇన్నాళ్ళూ తాగింది బొగ్గు."

 బెనిల్దే అత్తతో అలా మాట్లాడినవాళ్ళు ఊళ్ళో లేరు. అత్త ఆ పిల్లని పైనించి కిందదాకా చూసి నావైపు తిరిగింది.

"ఒరేయ్ బెలార్మీనో, దీనికి నోరుందిరా. ఉంటుందిలే ఇక్కడ."

అక్టోబరులో చెస్ట్‌నట్‌ కాయలు రాలాయి. మధ్యాహ్నాలు అందరం బారులోనే కూర్చుని, పొయ్యి దగ్గర బుట్టలు పెట్టుకుని తొక్కలు తీసేవాళ్ళం. చేతులు పనిలో ఉంటే అత్త నోరు పాటలో ఉంటుంది. ఆ రోజు గొర్రెలు కాసే పిల్ల పాట ఎత్తుకుంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఎన్నాళ్ళ నుంచి పాడుతున్నారో ఎవరికీ తెలియని పాట. కొండ మీద ఏడు గొర్రెలతో ఒక పిల్ల ఉంటుంది. వాళ్ళన్న దేశాలు పట్టుకుని పోయాడు. పిల్ల గుడిసెలో ఉండగా మంచు కురుస్తుంది.

చప్పుడు లేక వచ్చెను మంచు,
గుమ్మం ముందర కుక్క మొరగదు.
కప్పు మీద కూర్చుంది మంచు,
లోపలి పిల్లకు కబురే తెలియదు.

యిర్లేసా కాఫీ మిషను దగ్గర ఉంది. చేతిలో పాల గిన్నె అలాగే ఉండిపోయింది. పాలు పొంగి వేళ్ళ మీద పడుతున్నా ఆమెకు తెలియలేదు. అత్త తరువాతి పాదం అందుకునేలోపే ఆమె అందుకుంది, కొంచెం వేరే వరసలో, సాగదీస్తూ.

చప్పుడు లేక వచ్చింది దొరసాని,
నియెవెస్ దొరసాని తెల్లని బట్టల్లో.

మా భాషలో నియెవె అంటే మంచు. నియెవెస్ అని ఆడపిల్లలకు పేరు కూడా పెడతాం. అంటే అక్కడెక్కడో మంచే పేరున్న మనిషైపోయిందన్నమాట.

అత్త చేతిలో కత్తి ఆగింది. "ఆపు. ఏ సెల్‌ఫోన్లో విన్నావు ఇది?"

"సెల్‌ఫోనేంటండీ? ఇది మా అమ్మమ్మ పాట."

"మీ అమ్మమ్మ పాటెట్లా అవుతుంది? మా అమ్మ పాడింది. మా అమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. ఈ కొండ దిగి ఏనాడూ పోలేదీ పాట."

"పోయిందండీ. మా ఊరిదాకా వచ్చింది." యిర్లేసా పాల గిన్నె కింద పెట్టింది. "మా అమ్మమ్మకి చదువు లేదు. రేడియో కూడా లేదు. నదిలో పడవ మీద తెడ్డు వేస్తూ పాడేది. పసిబిడ్డలు పోయినా ఇదే పాడతారు మా వైపు. మా తమ్ముడు పోయినప్పుడు పాడారు."

అత్త కత్తి పక్కన పెట్టింది. "దొరసాని ఎవతే మరి?" అంది.

"నియెవెస్ దొరసాని. నా చిన్నప్పుడు మా అమ్మమ్మని అడిగితే, 'తెల్లబట్టలు కట్టుకుని వస్తుంది, అడుగుల చప్పుడుండదు, కుక్కలు కూడా నోరెత్తవు, ఇంటిమీద కూర్చుంటుంది' అని చెప్పింది. రాత్రిళ్ళు దుప్పటి ముసుగేసుకునేదాన్ని."

పొయ్యి చుట్టూ నవ్వులు లేచాయి. అత్త పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిదానా! అది మంచే! ఆకాశంలోంచి పడే మంచు. కుక్క మంచుని చూసి ఎందుకు మొరుగుతుంది?"

యిర్లేసా కూడా నవ్వింది, అందరికోసం. కానీ నవ్వు సగంలో ఆగిపోయింది. మంచంటే ఏమిటో ఆమెకు తెలియక కాదు, సినిమాల్లో చూసింది. ఆ పాటలోది అదేనని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఆమెకే కాదు, వాళ్ళమ్మకి, అమ్మమ్మకి, ఆ అమ్మమ్మకి ముందున్న వాళ్ళెవరికీ తోచలేదు. మంచు చూసినవాళ్ళు ఆ నది ఒడ్డున ఎవరూ లేరు.

ఆ ఏడు నవంబరు పద్దెనిమిదిన మొదటి మంచు పడింది. నేను పాలు పిండి ఆవుల పాక తలుపు తీసేసరికి తెల్లవారుతోంది. ఎదురుగా బారు గుమ్మంలో యిర్లేసా నిలబడి ఉంది, భుజం మీద దుప్పటితో, కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులతో. పిల్లలిద్దరూ వెనక నుంచి తొంగిచూస్తున్నారు. వీధంతా తెల్లగా ఉంది. ఇంకా పడుతూనే ఉంది, పెద్దపెద్ద తునకలుగా, నిదానంగా. నేను పలకరించబోయి ఆగాను. ఆమె వింటోంది. ఏం వింటోందా అని నేనూ చెవి పెట్టాను. ఏమీ లేదు. ఏరు చప్పుడు లేదు, బండి చప్పుడు లేదు. మా ఊళ్ళో తొమ్మిది కుక్కలున్నాయి, పోస్టు బండి వచ్చినా పిల్లి తుమ్మినా గోల పెట్టే కుక్కలు. ఒక్కటీ నోరెత్తలేదు. యాభై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో మంచు చూస్తున్నాను. కుక్కలు మొరగవని ఆ పొద్దున తెలిసింది నాకు.

యిర్లేసా మెల్లగా తల ఎత్తి ఎదురింటి కప్పు చూసింది. అక్కడ మంచు గుండ్రంగా, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న మనిషిలా పేరుకుని ఉంది.

"వచ్చింది," అంది చాలా చిన్నగా. "అమ్మమ్మా, వచ్చింది చూడు." బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

అత్త కర్ర పొడుచుకుంటూ వీధిలోకి వచ్చింది, రోజూలాగే కాఫీ కోసం. ఆ పిల్ల ముఖం చూసి తనూ ఆగింది. వెనక్కి తిరిగి కప్పు చూసింది. అత్తని అలా చూడటం నాకు అదే మొదలు. నోరు కొద్దిగా తెరుచుకుని, దేవుడి బొమ్మ ముందు నిలబడ్డ చిన్నపిల్లలా ఉంది.

"కూర్చునే ఉంది," అంది. "ఇన్నేళ్ళూ పార తీసుకుని తోసేశాను దాన్ని."

ఆ రోజు నుంచి అత్త పాటలో మంచు పోయి దొరసాని వచ్చింది. ఎవరైనా దిద్దబోతే కసిరేది. "మంచు అంటే నాకు పార గుర్తొస్తుంది. దొరసాని అంటే ఒళ్ళు జలదరిస్తుంది. దీని అమ్మమ్మే సరిగ్గా పాడింది, మూసుకోండి." యిర్లేసాని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల 'బెనిల్దేగారూ' మానేసి 'అవ్వా' అంది.

చలికాలమంతా పాట సాగింది. మంచు కరుగుతుంది. కరిగిన నీళ్ళ వెంట పిల్ల కొండ దిగుతుంది. ఏరు దాటి, నది దాటి, అన్నని వెతుక్కుంటూ పోతుంది. అత్త చివరికి ఈ రెండు పాదాలు పాడి ఆపేసేది.

పోయిన నీరు తిరిగొచ్చే చోట
నా అన్న కోసం నిలబడి ఉంటాను.

"తరువాత?" అంది ఒకరోజు యిర్లేసా.

"తరువాతేముంది? అంతే. మా అమ్మ అంతవరకే పాడేది."

"పోయిన నీరు తిరిగి రావడమేంటో మీకు తెలుసా అవ్వా?"

అత్త నన్ను చూసింది. ఈ సంగతి మా ఊళ్ళో పాత తగువు. నీళ్ళు కొండ దిగిపోతాయి, అంతే కదా. మరి తిరిగి రావడమేమిటి? మా నాన్న అది నీళ్ళు తిప్పే పిండిమర సంగతే అనేవాడు. పాదిరీ గారు పరలోకం అనేవారు. నా చిన్నప్పుడు టేపు రికార్డరు పట్టుకుని పట్నం నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. మూడు రోజులు ఉండి పాట రికార్డు చేసుకున్నాడు. తరువాత అచ్చు కాగితాలు పంపాడు. ఆ నీరు మనిషి ఆత్మకు గుర్తు, కాలం వెనక్కి నడవాలన్న కోరికకు గుర్తు అని రెండు పేజీలు రాశాడు. ఆ కాగితాలు ఇప్పటికీ బారులో చట్రం కట్టి ఉన్నాయి. అత్త వాటివైపు గడ్డం ఎత్తి చూపించింది.

యిర్లేసా వెళ్ళి చదివింది. చదువుతూ చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటే ఆ నవ్వు?"

"ఆత్మా లేదు ఏమీ లేదు అవ్వా. అది మా ఇంటి వెనక. ఇవాళ నాలుగింటికైతే రేపు అయిదింటికి కాస్త ముందు."

"ఏది?"

"నీళ్ళు తిరిగి రావడం! సముద్రం పోటెక్కుతుంది కదా. నది ఆగిపోతుంది. కాసేపు అలా నిలబడుతుంది. తరువాత వెనక్కి నడుస్తుంది. పై ఊళ్ళకి పోవాలంటే మేం దానికోసమే చూస్తాం. నీళ్ళెక్కినప్పుడు పడవ వదిలితే తెడ్డు వేయక్కర్లేదు."

 అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "నది? కొండకేసి?"

"రోజుకి రెండుసార్లు."

"నిజం చెప్పు."

"మా అమ్మమ్మ మీద ఒట్టు."

అత్త అడిగింది, అడగడం ఇష్టం లేనట్టు. "మీ పాటలో తరువాత ఏముంది?"

యిర్లేసా చెయ్యి తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఎక్కే నీటితో వచ్చెను పడవ,
పడవ నిండా ఉప్పే మెరిసెను.
అన్న ఏడని అడిగితే నీరు
రెండు చేతులా ఒడ్డే తడిమెను.

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మిగతావాళ్ళు నేల చూస్తున్నారు. ఒడ్డు తడిమే నీళ్ళు. ఆ నీళ్ళు కూడా అతని కోసం వెతుకుతున్నాయి. ఎవరో ఒక మనిషి, చదువు రాని మనిషే అయ్యుండాలి, ఎప్పుడో ఒక ఒడ్డున నిలబడి అలల్ని చూసి ఆ మాట అనుకుంది. అనుకున్న మనిషి పోయింది, పేరు పోయింది. మాట మాత్రం మహాసముద్రం దాటి వెళ్ళి మళ్ళీ మా బారులోకి వచ్చింది.

"రాలేదన్నమాట," అంది అత్త. "వాళ్ళన్న."

"రాలేదవ్వా."

అత్త లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మాకు వీపు పెట్టి మాట్లాడింది. "మా మేనమామ ఒకాయన ఉండేవాడు, ఎలాడియో. నేను పుట్టకముందే వీగో రేవులో ఓడెక్కి క్యూబా పోయాడు. రెండు ఉత్తరాలు వచ్చాయంట. మూడోది రాలేదు. మా అమ్మ ఈ పాట పాడుతూ పాడుతూ ఆ చోటుకొచ్చేసరికి లేచేది. పాలు పొంగుతున్నాయనేది. కోళ్ళని మూయలేదనేది. ప్రతిసారీ ఏదో ఒక పని." ఆగింది. "అమ్మకి తెలుసు. చివరిదాకా తెలుసు. పాడలేదంతే."

అలా మా ఊళ్ళో పాట సగమైంది. డెబ్భై ఏళ్ళుగా మేమంతా దాని అర్థం కోసం కొట్టుకున్నాం, ఒక చెల్లెలు అన్నని తలచుకుని నోరు మూసుకుందని తెలియక.

యిర్లేసా వెళ్ళి పక్కన నిలబడింది.  "మా ముత్తాతల ముత్తాతల్ని మీ దేశంవాళ్ళు బానిసల్ని చేసి, బంగారం తవ్వడానికి గొలుసులేసి తెచ్చారవ్వా, ఆ నదులకి. ఈ పాట నేర్పిన మనిషి ఎవరో, మంచి మనిషి అయ్యుండకపోవచ్చు."

అత్త ఆమెకేసి తిరిగింది.   ఆ పిల్ల చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. 

ఏప్రిల్లో, మంచు కరిగి ఏరు నిండుగా ఉరకలేస్తున్న రోజుల్లో, అత్త మా పాకకు వచ్చింది.

"నీ వ్యాను నడుస్తుందా?"

"ఎక్కడికత్తా?"

"ఎక్కడికో తెలియనట్టు అడుగుతాడు చూడు!"

మా ఏరు కొండ దిగి సిల్ నదిలో కలుస్తుంది. సిల్ వెళ్ళి మిన్యోలో కలుస్తుంది. మిన్యో, అవతలి ఒడ్డు పోర్చుగల్‌గా, గలీసియా కొసన సముద్రంలో పడుతుంది. మూడున్నర గంటల దారి. ముందు సీట్లో అత్త, ఆదివారం కట్టుకునే నల్ల బట్టల్లో, ఒళ్ళో రొట్టె, పందిమాంసం కూరిన ఆమ్లెట్టు. వెనక యిర్లేసా, పిల్లలు. దారిలో ఏ నది కనిపించినా అత్త, "ఇది మనదేనా?" అని అడిగింది. ఔనంటే దాన్ని కనిపించినంతసేపూ చూసింది.

పోటు వేళ చూసుకునే బయలుదేరాం. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వ్యాను ఆపి రాతి ఒడ్డుమీదికి దిగాం. నది అంత వెడల్పవుతుందని అత్త అనుకోలేదు. సముద్రం ఆ చివర తెల్లని గీతలా ఉంది. అత్త అటు చూడలేదు. కాళ్ళ దగ్గర నీళ్ళనే చూస్తోంది. నీళ్ళు సముద్రం కేసి పోతున్నాయి, మామూలుగా. ఒక రెల్లు ముక్క వాటి మీద తేలుతూ పోతోంది.

"పోతోంది," అంది అత్త.

"చూస్తూ ఉండు అవ్వా."

రెల్లు ముక్క నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. మా ఎదురుగా వచ్చి ఆగింది. నది మొత్తం ఆగింది. నేను మునుపు ఎన్నోసార్లు సముద్రానికి వచ్చాను, ఇలా నిలబడి చూసింది లేదు. అంత పెద్ద నీరు, ఎటూ పోకుండా, ఏదో గుర్తొచ్చిన మనిషిలా నిలబడింది.  ఎంతసేపు గడిచిందో చెప్పలేను. రెల్లు ముక్క ఒక్కసారి తనచుట్టూ తను తిరిగి, వచ్చిన దారినే బయలుదేరింది. కొండలకేసి.

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇంకా నాకు గుర్తుంది. ఎనభై ఆరేళ్ళ చెయ్యిలా లేదు. "మేరీ మాతా," అంది. "అక్షరం తప్పు లేకుండా చెప్పింది పాట. అక్షరం తప్పు లేదు. మాకే కళ్ళు లేవు."

కర్ర నాకిచ్చి, యిర్లేసా భుజం ఆనుకుని వంగి, నీళ్ళలో చెయ్యి ముంచి నాలుకకు రాసుకుంది. "ఉప్పు." తరువాత నిటారుగా నిలబడి, ఒక లోయ నుంచి ఇంకో లోయకు గొర్రెల కాపరులు కేక వేసే గొంతుతో పిలిచింది.

"ఎలాడియో మామా!"

ఒక్కసారే. జవాబు రాలేదు. పోటు ఎక్కుతూ ఎక్కుతూ రాళ్ళ సందుల్లోకి వచ్చింది. చిన్న చిన్న అలలు ఒడ్డుని అటూ ఇటూ తడుముతున్నాయి. అవి చేతులే. ఇంకోలా చూద్దామని ప్రయత్నించాను, కుదరలేదు.

అప్పుడు అత్త మొదలుపెట్టింది. గొర్రెలు, గుడిసె, దొరసాని, కుక్క. నీళ్ళ వెంట పిల్ల దిగి రావడం. గొంతు అక్కడక్కడ విరిగింది, ఆగలేదు. పోయిన నీరు తిరిగొచ్చే చోటుకు వచ్చాక యిర్లేసా అందుకుంది. పడవ, ఉప్పు. ఆఖరి రెండు పాదాలు ఇద్దరూ కలిసి పాడారు, ఎవరి వరస వాళ్ళది, రెండు వరసలూ ఎక్కడా గుద్దుకోలేదు. ఆ పాట మొదలు నుంచి చివరిదాకా ఒకేచోట వినిపించి ఎన్ని వందల ఏళ్ళయిందో నాకు తెలియదు.  టోపీ ఎప్పుడు తీసేశానో తెలియదు, చేతిలో ఉంది.

మాకు కొంచెం అవతల ఒక ఆడమనిషి నేలమీద కూర్చుని వల బాగుచేసుకుంటోంది. ఆకుపచ్చ వల ఆమె కాళ్ళ చుట్టూ ఇంత గుట్ట. ఎప్పటి నుంచి వింటోందో, చేతిలో సూది ఆగి ఉంది.

"ఎవరిదమ్మా ఆ పాట?" అని కేకేసి అడిగింది. "మా ఇంట్లో మా ముసలమ్మ ఒకావిడ, ఇట్లాంటి ముక్కేదో గొణిగేది."

అత్త, యిర్లేసా ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏ ముక్క?" అంది అత్త.

"తెలీదు. ఉప్పో ఏదో. మీరింకోసారి పాడితే గుర్తొస్తుందేమో."

"మోకాళ్ళు పోయాయే తల్లీ, ఇందాకట్నుంచి నిలబడే ఉన్నా," అంది అత్త. ఆ మనిషి వల ఒక పక్కకు లాగి చోటిచ్చింది. అత్త ఆమె పక్కన చతికిలబడి, ఆమ్లెట్టు మూట విప్పి ముందుకు తోసి, గొంతు సవరించుకుంది.